పడికట్టు

ఆదోని యార్డులో బుడ్డల సీజను.
తూనికల శాఖ జీపు దిగి నా పెట్టె తెరుస్తాను:
మఖమల్ గుంటల్లో ఇత్తడి రాళ్లు,
చేతి చెమట తగలకుండా ఎత్తడానికి ఒక పటకారు.

ఉరుకుందమ్మ దగ్గర దొరికింది దొంగ రాయి.
దొంగదని నేనన్నాను.
నల్లగా, నున్నగా, ఒక మూల చితికి
పొదిగే కోడిలా కూచున్న గుండు.
"మా అవ్వ నాడు ఇది రెండు సేర్లు,
మా యమ్మ నాడు రెండు కేజీలు.
రాయి మాత్రం అదే సారూ."
తూచాను. నూట ముప్పై గ్రాములు తక్కువ.

జరిమానా రాస్తుంటే అడిగింది,
కోపంగా కాదు, గట్టు ఎక్కడిదాకా అని అడిగినట్టు:
"నా రాయిని నీ రాయి తూచె.
నీ రాయిని ఎవురు తూచిరి?"

కర్నూలులో అన్నాను.
దాన్ని?
రాజధానిలో. ఏ రాజధాని, అని హమాలీలు నవ్విరి.
దాన్ని? ఢిల్లీలో.
దాన్ని?
సముద్రాల అవతల, గాజు మూతల కింద
ఒక ప్లాటినం ముద్ద ఉండేదమ్మా,
నూరేళ్లకు వేలిముద్రంత తేడా వచ్చిందని
దాన్ని దించేసి, ఇప్పుడు ఒక అంకెను కూచోబెట్టినారు.

"అన్నిట్నీ తూచేది అదే అయితే
అది తరిగిందని చెప్పేది ఎవురబ్బా?"

నా దగ్గర జవాబు లేదు, రసీదు ఉంది.
దాని మీద వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.
ఎమ్మిగనూరు దాటేదాకా
ఆ రాయి నా కాళ్ల దగ్గర దొర్లుతూనే వచ్చింది.

కర్నూలు పెద్దాసుపత్రి మార్చురీలో
త్రాసుకు ఏడాదికోసారి ముద్ర వేయాల్సిందీ నేనే.
"ఒక్క నిమిషం సార్, ఇదొకటి కానీండి"
దస్తగిరి పళ్లెంలోకి ఏదో దించాడు.
ఉడకేసిన బుడ్డల లోపొట్టు రంగు.
ముల్లు వణికి, వణికి, నిలిచింది.
పన్నెండు వందల తొంభై.
డాక్టరు పుస్తకంలో రాసుకున్నాడు.
నేనూ నా పుస్తకంలో రాసుకున్నాను: త్రాసు సరిగ్గా ఉంది.

ఎవరిదో అడగలేదు.
మొన్నటిదాకా అది బస్సెక్కింది, బేరమాడింది,
ఎండను బూతులు తిట్టింది,
ఇది బరువు, ఇది తేలిక అని తేల్చి చెప్పింది.
జొన్నరొట్టె, తుంగభద్ర నీళ్లు, ఇంత ఉప్పు
కలిసి కట్టుకున్న ముద్ద.
లోపల ఇంకేమీ లేదు. డాక్టరు కోసి చూశాడు,
నేను ఒప్పుకుంటాను.

కానీ దస్తగిరీ,
బరువు అనే మాట ఏ కొండరాయికీ తెలీదు.
రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే చోటొకటి కావాలి.
ఆ చోటు ఈ ముద్దే.
మెదడును తూచిన గ్రామును
కని, పేరు పెట్టి, బడికి పంపింది మెదడే.
పళ్లెంలో పండుకున్నదీ అదే,
ముల్లు చదివిందీ అదే.

ఇదంతా దస్తగిరితో అనలేదు.
అతను చేతులు కడుక్కుంటున్నాడు.

రాత్రి పెట్టె ముందు కూచుంటే
ఒక్కోసారి ప్రపంచమే నన్ను చేసిందనిపిస్తుంది,
ఒక్కోసారి నా కొలతలోనే అది ప్రపంచమైందని.
రెంటినీ ఒకే పూట తూచబోతే
త్రాసు ఊగుతూనే ఉంటుంది,
ముద్ర ఎక్కడ వేయాలో తెలీదు.

మరుసటేడు మళ్లీ ఆదోని.
ఉరుకుందమ్మ ముందు కొత్త ఇనుప రాళ్లు, అన్నిటికీ నా ముద్రే.
"నా రాయి యాడుంది సారూ?"
జీపులోనే ఉంది.
పటకారు వదిలేసి, ఉత్త చేత్తో ఎత్తి తెచ్చాను,
నా చెమట కొంత దానికి అంటుకుంది,
దాని నలుపు కొంత నాకు.

"ఎంతుంది ఇప్పుడు?" అంది నవ్వుతూ.

"రెండు," అన్నాను.
ఏవి రెండో చెప్పలేదు.